క్వాంటం కంప్యూటర్ ఎవరి డబ్బుతో నడుస్తోంది?

అమెరికా స్టాక్ మార్కెట్లో క్వాంటం పేరు మీదే వ్యాపారం చేసే కంపెనీల్లో జనం నోళ్లలో ఎక్కువగా నానేవి నాలుగు: అయాన్‌క్యూ, రిగెట్టి, డి-వేవ్, క్వాంటం కంప్యూటింగ్ ఇన్‌కార్పొరేటెడ్. 2024లో వీటి ఆదాయం వరుసగా 4.31 కోట్ల డాలర్లు, 1.08 కోట్లు, 88 లక్షలు, 3.73 లక్షలు. చివరి అంకె అచ్చుతప్పు కాదు. ఏడాది పొడవునా ఆ కంపెనీ చేసిన అమ్మకాలు మన డబ్బులో మూడు కోట్ల పైచిలుకు మాత్రమే. నాలుగూ కలిపితే 6.3 కోట్ల డాలర్లు, అంటే సుమారు 535 కోట్ల రూపాయలు. 2025 అక్టోబరులో షేర్లు శిఖరానికి చేరినప్పుడు ఈ నాలుగిటి మార్కెట్ విలువ 4,000 కోట్ల డాలర్లు దాటింది. రూపాయల్లో మూడున్నర లక్షల కోట్లు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025-26కు వేసుకున్న బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. ఒక రాష్ట్రం ఏడాది ఖర్చును మించిన విలువను, 535 కోట్ల అమ్మకాలున్న నాలుగు కంపెనీలకు మార్కెట్ కట్టింది. పైగా ఆ నాలుగూ నష్టాల్లో ఉన్నవే.

ఇది చూసి అంతా గాలిబుడగేనని కొట్టిపారేసేవాళ్లున్నారు. రేపే ప్రపంచం మారిపోతుందని డబ్బు గుమ్మరించేవాళ్లూ ఉన్నారు. శాస్త్రం మాత్రం నిక్కమైనది. 2025 భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో జాన్ మార్టినిస్ గూగుల్ క్వాంటం యంత్రాన్ని కట్టిన బృందానికి నాయకత్వం వహించినవాడు. మిషెల్ డెవొరే ఇప్పుడు అదే గూగుల్‌లో హార్డ్‌వేర్ విభాగానికి ముఖ్య శాస్త్రవేత్త. కాబట్టి యంత్రం నిజమా, బూటకమా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఈ రంగంలోకి వస్తున్న డబ్బు ఎవరిది, దేన్ని చూసి పెడుతున్నారు, అందులో మనలాంటి పన్ను కట్టేవాళ్ల వాటా ఎంత అన్నది చూడాలి. అమరావతిలో క్వాంటం వ్యాలీ అంటున్న ఈ రోజుల్లో ఈ లెక్క మనకు దూరపు ముచ్చటేమీ కాదు.

ముందు యంత్రం సంగతి కొంత తెలియాలి. మామూలు కంప్యూటర్లో బిట్ సున్నా గానీ ఒకటి గానీ అయి ఉంటుంది. క్యూబిట్ ఆ రెండిటి మేళవింపులో ఉండగలదు, పక్క క్యూబిట్లతో పెనవేసుకోగలదు. అణువులు ఎలా ప్రవర్తిస్తాయో లెక్కగట్టడం, పెద్ద సంఖ్యను దాని కారణాంకాలుగా విడగొట్టడం వంటి కొన్ని పనులకు దీనివల్ల దగ్గరిదారి దొరుకుతుంది. అన్ని పనులకూ దొరకదు. చిక్కంతా క్యూబిట్ నిలకడలో ఉంది. కాస్త వేడి తగిలినా, ఎక్కడిదో ఒక తరంగం తాకినా అది చెదిరిపోతుంది. నేటి మంచి యంత్రాల్లో కూడా దాదాపు వెయ్యి చర్యలకు ఒకటి తప్పుతుంది. నిజంగా పనికొచ్చే లెక్కకు కోట్లాది చర్యలు తప్పు లేకుండా జరగాలి.

దీనికి శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఉపాయం చాలా అందమైనది. ఒక సమాచారాన్ని ఒకే క్యూబిట్‌కు అప్పగించకుండా పదుల, వందల క్యూబిట్లకు కలిపి అప్పగిస్తారు. ఊరి పంచాయితీలో సాక్షుల్ని విచారించే పద్ధతి అనుకోండి. కాకపోతే ఏం చూశావని ఏ సాక్షినీ సూటిగా అడగకూడదు. అడిగితే అతను చూసింది కాస్తా చెరిగిపోతుంది. నీ మాటా పక్కవాడి మాటా కలుస్తున్నాయా అని మాత్రమే అడగాలి. ఆ జవాబుల్ని బట్టి ఎవరు తప్పారో కనిపెట్టి దిద్దుతారు. ఇలా తప్పులు దిద్దుకుంటూ నిలబడే గుంపును లాజికల్ క్యూబిట్ అంటారు. అయితే సాక్షుల్ని పెంచినకొద్దీ తప్పు చెప్పేవాళ్లూ పెరుగుతారు కదా? ఒక్కొక్క క్యూబిట్ తప్పు ఒక హద్దు కంటే తక్కువుంటే, గుంపు పెరిగేకొద్దీ మొత్తం తప్పు తగ్గుతుందని సిద్ధాంతం ఎప్పటినుంచో చెబుతోంది. 2024 డిసెంబరులో గూగుల్ తన విల్లో చిప్ మీద దాన్ని చేసి చూపింది. 105 క్యూబిట్ల చిప్ అది. గుంపును మూడు వరసల నుంచి ఐదుకు, ఐదు నుంచి ఏడుకు పెంచితే, పెంచిన ప్రతిసారీ తప్పు సగానికి తగ్గింది.

పత్రికలు మాత్రం ఇంకో సంగతిని పతాక శీర్షిక చేశాయి. మామూలు సూపర్‌కంప్యూటర్‌కు ఒకటి పక్కన పాతిక సున్నాలన్ని ఏళ్లు పట్టే లెక్కను విల్లో ఐదు నిమిషాల్లో చేసిందన్నది ఆ వార్త. ఆ లెక్క యంత్రాన్ని పరీక్షించడానికి కల్పించినది, దానితో ఎవరికీ పని లేదు. షేర్లు పరుగెత్తింది ఆ వార్త మీదే. చరిత్రలో నిలిచేది మాత్రం తప్పు సగానికి తగ్గడం. ఈ రంగంలో ఏ ప్రకటన చదివినా క్యూబిట్లు ఎన్ని అని కాక, లాజికల్ క్యూబిట్లు ఎన్ని, వాటి తప్పు ఎంత అని అడగాలనుకుంటాను. ఐబీఎమ్ కూడా ఈ పాఠం నేర్చుకున్నదే. 2023లో 1,121 క్యూబిట్ల కాండర్‌ను చూపించి, ఆ వెంటనే దాన్ని పక్కనపెట్టి, 133 క్యూబిట్లే ఉన్నా తప్పులు తక్కువ చేసే హెరాన్ మీద దృష్టి పెట్టింది. తర్వాత హెరాన్‌ను 156 క్యూబిట్లకు పెంచింది.

క్యూబిట్‌ను దేనితో చెయ్యాలన్నది కూడా ఇంకా తేలలేదు. గూగుల్, ఐబీఎమ్, రిగెట్టి, ఫిన్లాండ్‌లోని ఐక్యూఎం అతివాహక వలయాలతో చేస్తాయి. అయాన్‌క్యూ, క్వాంటినుయమ్ విద్యుదావేశమున్న పరమాణువుల్ని, అంటే అయాన్లను, శూన్యంలో పట్టి ఉంచుతాయి. హార్వర్డ్, ఎంఐటీల నుంచి పుట్టిన క్యూఎరా, ఫ్రాన్స్‌లోని పాస్కల్ ఆవేశం లేని పరమాణువుల్ని లేజర్లతో నిలబెడతాయి. 2022 నోబెల్ గ్రహీత అలేన్ ఆస్పే పాస్కల్ స్థాపకుల్లో ఒకరు. సైక్వాంటం, కెనడాకు చెందిన జనాడు కాంతి కణాల మీద పందెం కాశాయి. 1999లోనే పుట్టిన డి-వేవ్‌ది వేరే దారి. దాని ప్రధాన యంత్రం అన్ని లెక్కలూ చేసే రకం కాదు, ఒక తరహా సమస్యలకు మంచి పరిష్కారం వెతికే యంత్రం. ఈ దారుల్లో ఏది గెలుస్తుందో ఇప్పుడే చెప్పగలిగినవాళ్లు లేరు. ఒకటి గెలిస్తే మిగతా దారుల్లో పెట్టిన డబ్బులో చాలా భాగం తిరిగిరాదు. పెట్టుబడిదారుకు ఇంతకంటే పెద్ద సంగతి మరొకటి లేదు. షేర్ల ధరల్లో మాత్రం దీని జాడ కనిపించదు. క్వాంటం అన్న పేరుంటే చాలు, అన్నీ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి పడతాయి.

2025 జనవరిలో జరిగింది దానికి నిదర్శనం. ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ ఒక సమావేశంలో, బాగా పనికొచ్చే క్వాంటం కంప్యూటర్‌కు పదిహేనేళ్లంటే తొందరే, ముప్ఫై అంటే ఆలస్యం, ఇరవై అంటే చాలామంది ఒప్పుకుంటారన్న అర్థంలో మాట్లాడాడు. మర్నాడు రిగెట్టి, అయాన్‌క్యూ షేర్లు నలభై శాతం అటూఇటూగా కుప్పకూలాయి. మార్చిలో అదే హువాంగ్ ఆ కంపెనీల అధిపతుల్ని తన వేదిక మీదికి పిలిచి, తన అంచనా పొరపాటని ఒప్పుకున్నాడు. ఆ ఏడాది సెప్టెంబరుకల్లా ఎన్విడియా పెట్టుబడి విభాగం క్వాంటినుయమ్‌లోనూ సైక్వాంటంలోనూ డబ్బు పెట్టింది. జనవరిలో ఒక్కరోజు తేడాలో ఆ కంపెనీల యంత్రాల్లో ఏ మార్పూ రాలేదు. మారింది ఒక పెద్దమనిషి నోటి మాట. దాదాపు సగం ఆస్తి ఒక మాటతో ఆవిరవుతుందంటే ఆ ధరకు కింద ఆధారం ఎంతుందో పెట్టుబడిదారులు ఆలోచించుకోవాలి.

ఈ కంపెనీలు మార్కెట్లోకి వచ్చిన తలుపు గురించి ఇక్కడ చెప్పాలి. అయాన్‌క్యూ 2021 అక్టోబరులో, రిగెట్టి 2022 మార్చిలో, డి-వేవ్ 2022 ఆగస్టులో నమోదయ్యాయి. మూడూ స్పాక్ దారిన వచ్చినవే. ముందు వ్యాపారమేమీ లేని ఒక ఖాళీ కంపెనీని మార్కెట్లో నమోదుచేసి జనం నుంచి డబ్బు సేకరిస్తారు. తర్వాత అది ఒక నిజమైన కంపెనీని తనలో కలుపుకుంటుంది. మామూలు పబ్లిక్ ఇష్యూలో రాబోయే ఏళ్ల ఆదాయం ఇంతని ఊరించడానికి కంపెనీలు జంకుతాయి, ఈ దారిలో ఆ జంకు తక్కువ. అప్పట్లో మదుపరులకు చూపిన కాగితాల్లో దశాబ్దం మధ్యకల్లా పదుల కోట్ల డాలర్ల ఆదాయం రాసుకున్నారు. రిగెట్టికి 2024లో వచ్చింది ఒక కోటి ఎనిమిది లక్షలు.

ఒక్క అయాన్‌క్యూనే దగ్గరగా చూద్దాం. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ మన్రో, డ్యూక్‌లో జంగ్‌సాంగ్ కిమ్ అనే ఇద్దరు ఆచార్యుల దశాబ్దాల పరిశోధన నుంచి 2015లో పుట్టిన కంపెనీ అది. అయాన్ ఉచ్చుల విద్యలో మన్రోది ప్రపంచంలో మొదటి వరస పేరు. 2024కల్లా ఆ ఇద్దరూ కంపెనీ నుంచి తప్పుకున్నారు. 2025 ఫిబ్రవరి నుంచి అధిపతి నికోలో డి మాసి. అయాన్‌క్యూను మార్కెట్లోకి తెచ్చిన ఖాళీ కంపెనీని నడిపింది ఆయనే. ఆయన వచ్చాక కంపెనీ నడక మారింది. 2025 జూన్‌లో బ్రిటన్‌కు చెందిన ఆక్స్‌ఫర్డ్ అయానిక్స్‌ను సుమారు 108 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ మొత్తంలో నగదు సుమారు ఒక కోటి. మిగిలినదంతా అయాన్‌క్యూ షేర్లే. అక్టోబరులో కొత్త షేర్లు అమ్మి మరో 200 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఇందులో తప్పు పట్టేదేమీ లేదు, పెరిగిన షేరును డబ్బుగా మార్చుకోవడం తెలివైన పనే. ఆక్స్‌ఫర్డ్ అయానిక్స్ కూడా మేలైన విద్య ఉన్న సంస్థ. కానీ క్రమం గమనించండి. యంత్రం అమ్మి సంపాదించిన డబ్బుతో కంపెనీ పెరగడం లేదు. ఆశతో పెరిగిన షేరే దాని పెట్టుబడి. ఆశ తగ్గిన రోజున ఆ ఊట ఎండుతుంది.

ఎండితే ఏమవుతుందో జపాటా చూపించింది. హార్వర్డ్ నుంచి 2017లో పుట్టిన క్వాంటం సాఫ్ట్‌వేర్ కంపెనీ అది. మంచి శాస్త్రవేత్తలు, మంచి పేటెంట్లు ఉన్నాయి. 2024 వసంతంలో అది కూడా స్పాక్ దారినే మార్కెట్లోకి వచ్చింది. అప్పటికి మదుపరుల ఉత్సాహం చల్లారి ఉంది, చేతికి అందిన డబ్బు బహు తక్కువ. ఆ అక్టోబరులోనే ఉద్యోగుల్ని ఇంటికి పంపి తలుపులు మూసేసింది. విల్లో వార్తతో క్వాంటం షేర్లు ఆకాశానికి లేచింది ఆ తర్వాత రెండు నెలలకే. అదే విద్య, అవే మేధలు, రెండు నెలల తేడా.

పెద్ద సంస్థల కథ వేరు. ఐబీఎమ్, గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్‌లకు క్వాంటం ఒక విభాగం మాత్రమే. లాభాలు వేరే వ్యాపారాల నుంచి వస్తాయి కాబట్టి ఇరవై ఏళ్లు ఆగగలవు. వీటిలో ఐబీఎమ్ ఒక్కటే యంత్రాల్ని ఊరూరా పెట్టి అమ్మకం చేస్తోంది. 2016లో ఐదు క్యూబిట్ల యంత్రాన్ని ఇంటర్నెట్ ద్వారా ఎవరైనా వాడుకునేలా తెరిచింది. ఆ మీదట అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రిలో, జపాన్‌లో రికెన్ సంస్థ ఆవరణలో, స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో యంత్రాలు దించింది. 2029కి 200 లాజికల్ క్యూబిట్ల స్టార్లింగ్‌ను కడతామని తేదీతో సహా చెప్పింది. చెప్పిన తేదీకి చెప్పింది చేసే అలవాటు ఈ రంగంలో అరుదు, ఐబీఎమ్‌కు ఆ పేరు కొంతవరకు ఉంది. మైక్రోసాఫ్ట్ అందరికంటే కష్టమైన దారి ఎంచుకుంది. తప్పులు పుట్టుకతోనే తక్కువుండే ఒక వింత స్థితిలోంచి క్యూబిట్ తీస్తామంటుంది. దాని నిధులతో సాగిన ఒక పరిశోధన 2018లో నేచర్ పత్రికలో వచ్చి, 2021లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మయొరానా 1 అనే చిప్ చూపించినప్పుడు చాలామంది భౌతికశాస్త్రవేత్తలు అది ఇంకా రుజువు కాలేదన్నారు. ఐబీఎమ్ అధిపతి అరవింద్ కృష్ణ పుట్టింది పశ్చిమగోదావరి తెలుగు కుటుంబంలో, మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పుట్టినవాడు. ఈ రెండు భారీ పందేలకు సంతకం పెట్టే చేతులు రెండూ తెలుగువే కావడం సంతోషమే. కానీ ఆ పందేల మంచిచెడ్డలకు అది కొలబద్ద కాదు.

మార్కెట్లో నమోదు కాకుండా పెరిగినవాటిలో రెండు ముఖ్యం. హనీవెల్ క్వాంటం విభాగం, కేంబ్రిడ్జ్ క్వాంటం కలిసి 2021లో క్వాంటినుయమ్ అయ్యాయి. తప్పులు తక్కువ చేసే యంత్రం ఎవరిదంటే చాలామంది నిపుణులు మొదట చెప్పే పేరు ఇదే. 2025 సెప్టెంబరులో 60 కోట్ల డాలర్లు తెచ్చుకున్నప్పుడు దాని విలువ 1,000 కోట్ల డాలర్లుగా కట్టారు. రెండోది సైక్వాంటం. చిన్న యంత్రాలు చూపించి మెచ్చుకోలు తెచ్చుకోవడం వృథా, పది లక్షల క్యూబిట్ల యంత్రాన్నే నేరుగా కట్టాలన్నది దాని సిద్ధాంతం. స్థాపకుల్లో ఒకరైన టెరీ రుడాల్ఫ్ క్వాంటం శాస్త్ర పితామహుల్లో ఒకరైన ష్రోడింగర్‌కు మనవడు. అదే నెలలో సైక్వాంటంకు 100 కోట్ల డాలర్లు వచ్చాయి, విలువ 700 కోట్లు.

సైక్వాంటంలో ప్రభుత్వాల పాత్ర చూస్తే ఈ రంగం గుట్టు సగం తెలుస్తుంది. 2024 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం, క్వీన్స్‌లాండ్ రాష్ట్రం కలిసి 94 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఇస్తామన్నాయి. వాటా, గ్రాంటు, అప్పు, ఇలా రకరకాలుగా. బదులుగా యంత్రం బ్రిస్బేన్‌లో కట్టాలి. పోటీ సరిగా పెట్టకుండా ఒక్క కంపెనీని ఎంచుకున్నారని, సిడ్నీలోనే పుట్టిన క్వాంటం కంపెనీలుండగా కాలిఫోర్నియా కంపెనీకి ఎందుకని అక్కడ పెద్ద రగడే జరిగింది. అదే ఏడాది అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రం క్వాంటం పార్కు కోసం 50 కోట్ల డాలర్లు కేటాయించి, అందులో మొదటి స్థలం మళ్లీ సైక్వాంటంకే ఇచ్చింది. పార్కు పెడుతున్నది షికాగో దక్షిణాన మిషిగన్ సరస్సు ఒడ్డున, 1992లో మూతపడ్డ ఉక్కు కర్మాగారం జాగాలో. కార్ఖానా పోయి మూడు దశాబ్దాలు బోసిపోయిన పేటకు కొత్త ఉద్యోగాలు చూపించాలన్న తపన ఆ నిర్ణయంలో ఉంది. ఆ తపన మంచిదే. దాన్నుంచే బేరమాడే శక్తి కూడా కంపెనీ చేతికి పోతుంది.

మిగతా కంపెనీల జమాఖర్చులు చూసినా ప్రభుత్వాల డబ్బే కీలకమని తేలుతుంది. అయాన్‌క్యూకు పెద్ద కాంట్రాక్టుల్లో ఒకటి అమెరికా వైమానిక దళ పరిశోధనశాల ఇచ్చిన 5.45 కోట్ల డాలర్లది. డి-వేవ్‌కు 2025 మొదటి మూడు నెలల్లో ఒక్కసారిగా కోటిన్నర డాలర్లు రావడానికి కారణం జర్మనీలోని యూలిష్ ప్రభుత్వ పరిశోధన కేంద్రానికి ఒక యంత్రం అమ్మడం. ప్రైవేటు సంస్థలు కొనేది ఎక్కువగా ప్రయోగం కోసమే. 2025 సెప్టెంబరులో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు, ఐబీఎమ్ యంత్రం సాయంతో బాండ్ల బేరాలు కుదురుతాయో లేదో చెప్పే అంచనా 34 శాతం మెరుగైందని ప్రకటించింది. ఆ మెరుగు క్వాంటం శక్తి వల్లే వచ్చిందని నిపుణులు ఇంకా ఒప్పుకోలేదు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా పెట్టిన పరీక్ష ఈ అయోమయంలో నాకు నచ్చింది. 2033 నాటికి, యంత్రం చేసిపెట్టే పని విలువ యంత్రం ఖర్చును మించుతుందా అన్న ఒక్క ప్రశ్నతో కంపెనీల నమూనాల్ని దశలవారీగా జల్లెడ పడుతోంది. ప్రజల డబ్బు ఖర్చుపెట్టేవాళ్లు అడగాల్సిన ప్రశ్న అదే.

ఈ రంగాన్ని నడిపేది ప్రభుత్వ డబ్బేనన్న సంగతి చైనాలో దాపరికం లేకుండా కనిపిస్తుంది. అలీబాబా 2023 నవంబరులో తన క్వాంటం ప్రయోగశాల మూసి, పరికరాల్ని జెజియాంగ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేసింది. బైదూ మరి రెండు నెలలకు తనదాన్ని బీజింగ్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థకు అప్పగించింది. అక్కడి పెద్ద ప్రైవేటు కంపెనీలు రెండు ఇలా తప్పుకున్నాయి. పని మాత్రం ఆగలేదు, హెఫేయ్ నగరం కేంద్రంగా ప్రభుత్వమే నడిపిస్తోంది.

పెట్టుబడి వార్తల్లో అంతగా కనిపించని ఒక భాగం ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది. ఒక దారిలో ఏ కంపెనీ గెలిచినా ఓడినా కావలసిన పరికరాల వ్యాపారం అది. పత్రికల్లో క్వాంటం కంప్యూటర్ అని వేసే ఫొటోలో మనకు కనిపించేది నిజానికి శీతల యంత్రం. బంగారు పూత పూసిన రాగి పళ్లేలు అంచెలంచెలుగా వేలాడుతుంటాయి, వాటి మధ్యగా వందల సన్నని తీగలు దిగుతుంటాయి. పై పళ్లెం కంటే కింది పళ్లెం చల్లన. అట్టడుగున కేల్విన్‌లో వందో వంతు, అంటే నక్షత్రాల నడుమ శూన్యం కంటే వందల రెట్లు చల్లన. చిప్ ఉండేది అక్కడ. ఈ చల్లదనం హీలియం-3, హీలియం-4 అనే రెండు రకాల హీలియం కలయికలోంచి వస్తుంది. హీలియం-3 నేలలో దొరికేది కాదు. అణ్వాయుధాల కోసం నిల్వచేసిన ట్రిటియం క్షీణించగా పుడుతుంది. అంటే ఈ శీతల యంత్రాలు చాలావరకు రెండు మూడు దేశాల ఆయుధాగారాల మీద ఆధారపడి ఉన్నాయి. 2008లో హెల్సింకిలో పుట్టిన బ్లూఫోర్స్ ఈ శీతల యంత్రాల్లో పేరుమోసిన సంస్థ. చంద్రుడి మట్టిలోంచి హీలియం-3 తీస్తామంటున్న ఇంటర్‌లూన్ అనే అమెరికా కంపెనీతో 2025లో అది ముందస్తు కొనుగోలు ఒప్పందం చేసుకుంది. భూమ్మీద అరుదైన సరుకు కోసం చందమామతో బేరం పెట్టుకునే దాకా వచ్చింది కొరత. క్యూబిట్లను ఆడించే ఎలక్ట్రానిక్ పెట్టెలు చేసే ఇజ్రాయెల్ కంపెనీ క్వాంటం మెషీన్స్‌కు 2025 ఫిబ్రవరిలో 17 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది. అది క్యూబిట్ తయారుచేయదు. తయారుచేసేవాళ్లకు అమ్ముతుంది.

మన దేశానికి వస్తే, కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. 2030-31 దాకా ఎనిమిదేళ్లకు 6,003.65 కోట్ల రూపాయలు. కంప్యూటింగ్, కమ్యూనికేషన్, సెన్సార్లు, పదార్థాలు, నాలుగు రంగాలకూ కలిపి. సైక్వాంటం ఒక్క విడతలో తెచ్చుకున్న 100 కోట్ల డాలర్లు ఇంతకంటే ఎక్కువ. ఆ కాస్తలోనే కొన్ని పనులు జరిగాయి. టీఐఎఫ్‌ఆర్, డీఆర్‌డీఓ, టీసీఎస్ కలిసి చేసిన ఆరు క్యూబిట్ల యంత్రం 2024 ఆగస్టులో పరీక్ష నెగ్గింది. బెంగళూరు కంపెనీ క్యూపైఏఐ 2025 ఏప్రిల్‌లో 25 క్యూబిట్ల యంత్రం ప్రకటించింది, జులైలో 3.2 కోట్ల డాలర్ల పెట్టుబడి పొందింది. ఆ పెట్టుబడిలో మిషన్ కూడా భాగస్వామి. అంకెలు చిన్నవే, అందుకు నాకు చిన్నతనమేమీ లేదు. మిషన్ మొదట ఎంచుకున్న స్టార్టప్‌లలో ముంబై ఐఐటీ నుంచి వచ్చిన డిమిరా అతిశీతలంలో పనిచేసే కేబుళ్లు చేస్తుంది, ఢిల్లీ ఐఐటీ నుంచి వచ్చిన ప్రెనిష్క్ లేజర్లు చేస్తుంది. 1,000 క్యూబిట్ల ప్రకటనల కంటే ఆ కేబుల్, ఆ లేజర్ నాకు ఎక్కువ ధైర్యమిస్తాయి. ప్రపంచంలో చాలా యంత్రాలకు వాటిలో ఏదో ఒకటి కావాలి.

యంత్రం వచ్చేదాకా ఆగనక్కర్లేని పని కూడా ఒకటుంది. నేటి బ్యాంకుల, ప్రభుత్వాల రహస్య సంకేతాలను క్వాంటం కంప్యూటర్ ఛేదించగలదని పీటర్ షోర్ 1994లోనే చూపించాడు. ఇందుకు రెండు కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ, మరొకరు లెక్కగట్టారు. అదే గిడ్నీ 2025 మేలో ఆ అంకెను పది లక్షల లోపుకు దించాడు. చిప్ అదే నాణ్యతతో ఉంటుందనుకునే వేసిన లెక్క ఇది, మెరుగుపడిందల్లా గణితం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో కొత్త సంకేత పద్ధతులు మూడింటిని ఖరారు చేసింది. ఇవాళ దొంగిలించి దాచుకున్న రహస్యాన్ని పదేళ్ల తర్వాత విప్పుకోవచ్చు కాబట్టి ఆధార్, ఆరోగ్య రికార్డులు, భూమి పత్రాల వంటివి ఉన్న చోట మార్పు ఇప్పుడే మొదలవ్వాలి. దీనికి శీతల యంత్రం అక్కర్లేదు. ఓపిగ్గా పాత సాఫ్ట్‌వేర్‌ను వెతికి మార్చే వేలమంది ఇంజనీర్లు కావాలి. హైదరాబాద్, విశాఖల్లో ఉన్నది సరిగ్గా అలాంటి మనుషులే.

ఇక అమరావతి. 2025 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎమ్, టీసీఎస్, ఎల్ అండ్ టీ కలిసి క్వాంటం వ్యాలీ పార్కును ప్రకటించాయి. 156 క్యూబిట్ల హెరాన్ చిప్‌తో ఐబీఎమ్ సిస్టమ్ టూ యంత్రం పెట్టాలని, 2026 జనవరికల్లా మొదలుపెట్టాలని తొలి లక్ష్యం. దేశంలో ఇప్పటిదాకా ఎవరూ పెట్టనంత పెద్ద యంత్రం. పిల్లలు చేత్తో పట్టి నేర్చుకునే అవకాశం వస్తుందంటే దాన్ని నేను మనసారా కోరుకుంటాను. ఐఐఐటీ హైదరాబాద్‌లో క్వాంటం కేంద్రం ఉంది, తెలుగు విద్యార్థులు ఈ విద్యలో ఇప్పటికే ఉన్నారు. కానీ హెరాన్‌ను మేరీలాండ్‌లో కూర్చున్నా, మంగళగిరిలో కూర్చున్నా ఇంటర్నెట్ మీదే వాడుకోవచ్చు. యంత్రం మన నేల మీద ఉండటం వల్ల అదనంగా వచ్చేది, దాని మూత తీసి చూసే హక్కు ఉంటేనే వస్తుంది. శీతల యంత్రాన్ని దించడం, ఎక్కించడం, తీగలు మార్చడం, పంపు చెడితే బాగుచేయడం మన పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పిల్లలు చెయ్యగలగాలి. ఆ పని నేర్చిన వందమంది ఉంటే బ్లూఫోర్స్‌కైనా, డిమిరాకైనా, రేపు వచ్చే మరో కంపెనీకైనా వాళ్లు కావాలి.

అందుకే ఒప్పందంలో క్యూబిట్ల సంఖ్య కంటే మూడు వాక్యాలు వెతుకుతాను. యంత్రం నడిపే సిబ్బందిలో స్థానికులు ఎంతమంది, వాళ్లకు లోపలి భాగాలు ముట్టుకునే శిక్షణ ఉందా అన్నది ఒకటి. యంత్రపు సమయంలో మన విశ్వవిద్యాలయాలకు ఉచితంగా దక్కే గంటలెన్ని అన్నది రెండు. మూడోది, 2029లో ఐబీఎమ్ చెప్పినట్టే స్టార్లింగ్ వస్తే హెరాన్ పాతబడిపోతుంది. అప్పుడు అమరావతిలో చిప్ మార్చే ఖర్చు ఎవరిది? ఆస్ట్రేలియా ఇలాంటి ప్రశ్నలు డబ్బు ఇస్తామన్నాక అడిగింది. మనకు ఇంకా కాస్త వ్యవధి ఉంది.